బ్లాక్ కింద ఆడిన నాటకం

"పడక మునిగిపోయింది! అయ్యో, నా మావ పడక మునిగిపోయింది!"

స్టేజీ మీద అమ్మాయి గుండెలు బాదుకుంటోంది. కింద కుర్చీలో ఉన్న కమల్ ఆపుకోలేక ఫక్కున నవ్వేశాడు.

ఏడుపు ఆగిపోయింది. ఆ అమ్మాయి చెంగు నడుముకు దోపుకుని, మెట్లు దిగి నేరుగా అతని ముందుకొచ్చింది.

"ఫన్నీ ఆ?"

"సారీ అండీ. మునిగింది పడవ. మీరు పడక అంటున్నారు. పడకంటే మంచం."

ఆమె ముఖం ఎర్రబడింది. "అంత తెలిస్తే నువ్వు నేర్పు! కూర్చుని నవ్వడం ఎవరికైనా వస్తుంది."

ఆ మాటకి కమల్ ఇరుక్కుపోయాడు. కాకినాడ నుంచి ఈ దేశానికి వచ్చి ఏడాది కాలేదు. సైన్స్ పార్క్‌లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం. తెలుగు సంఘం ఉగాదికి నాటకం వేస్తోందని రూమ్మేట్ లాక్కొస్తే టోవా పాయో కాలనీ హాలుకి రిహార్సల్ చూడటానికి వచ్చాడు.

ఆ అమ్మాయి శాలిని. రాఫెల్స్ ప్లేస్‌లో ఒక బ్యాంకులో పనిచేస్తుంది. ముత్తాత విశాఖపట్నంలో ఓడెక్కి వచ్చాడు. ఆమెకి తెలుగు చదవడం రాదు. డైలాగులన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని బట్టీ పడుతోంది.

"అంత కష్టమెందుకు? డాన్సు చేయొచ్చుగా?" అన్నాడు కమల్.

"ఇది మా తాత నాటకం. వచ్చి చూడు, తెలుస్తుంది."

తాత దొరబాబు టోవా పాయో ఫ్లాట్‌లో కిటికీ పక్కన వీల్‌ఛెయిర్‌లో ఉన్నాడు. కమల్ తెలుగు వినగానే ముసలాయన నడుం నిటారుగా పెట్టాడు.

"నేవల్ బేస్ క్వార్టర్స్‌ల పండక్కి పండక్కి నాటకం పడేది బాబూ. ఓడల పనికొచ్చినోళ్ళే ఏసగాళ్ళు. మా దానయ్య రంగులేసేవోడు, ఆడే ఈ నాటకం రాసినాడు. ఆడోళ్ళు స్టేజీ ఎక్కేవోరు కాదు. గౌరి ఏసం నానే కట్టినాను."

"మా తాత హీరోయిన్!" శాలిని నవ్వింది.

ఆయన నవ్వలేదు. "తెల్లోళ్ళు ఎళిపోయినాక క్వార్టర్సు కాళీ అయిపోనాయి. తలో ఫ్లాటుకీ సెదిరిపోనాం. ఆకరిసారి ఆడినప్పుడు జనం ఏడుస్తుంటే, ఎందుకేడుస్తున్నారని మా పిల్లలే ఇంగ్లీషుల అడిగినారు. ఆ రేత్రే దానయ్య తెర మడతెట్టేసినాడు."

కాగితాలు పోయాయి. నాటకం ఇప్పుడు ఆయన నోట్లోనే ఉంది. ఆయన చెబుతుంటే కమల్ రాసుకున్నాడు, శాలిని నేర్చుకుంది.

సాయంత్రాలు హాకర్ సెంటర్‌లో, తిండి దుకాణాల మధ్య రిహార్సల్. బయట వాన, లోపల కాఫీ. కమల్ ఎదురుగా ఉంటే శాలిని తడబడేది.

"నన్ను చూడకు. అప్పుడు కరెక్ట్‌గా వస్తుంది."

"మరి ఎటు చూడను?"

"ఆ గోరింకని చూడు."

అతను పక్క టేబుల్ మీద మెతుకులు ఏరుకుంటున్న గోరింకని చూశాడు. ఆమె డైలాగంతా తప్పు లేకుండా చెప్పింది. తిరిగి చూస్తే ఆమె అతన్నే చూస్తోంది. ఇద్దరూ ఒకేసారి కాఫీ కప్పులు ఎత్తుకున్నారు.

ఉగాది ఇంకా నెల ఉందనగా కంపెనీ మూతపడింది. అమెరికాలో క్లయింటు చేతులెత్తేశాడు. ఉద్యోగంతో వచ్చిన పాస్ రద్దయింది, ఇంకోటి దొరక్కపోతే దేశం వదలాల్సిందే. కమల్ రోజంతా రెజ్యూమేలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగాడు. అన్ని చోట్లా మనుషులు సామాన్లు అట్టపెట్టెల్లో పెట్టుకుని బయటికి వస్తున్నారు. శాలినికి మాత్రం ఏమీ చెప్పలేదు.

ముందు ఆమే ఫోన్ చేసింది. "నాటకం క్యాన్సిల్ చేశారు! సగం యాక్టర్స్ ఇండియా వెళ్ళిపోతున్నారంట. పాటలకి డాన్సులు చాలంట. నువ్వు ఉన్నావు కదా, మనమే వేద్దాం, హీరో నువ్వే చెయ్యి."

కమల్ చేతిలోని రెజ్యూమేలు బల్ల మీద పెట్టాడు.

"హలో? ఉన్నావా?"

"నేనూ వెళ్ళిపోతున్నాను."

ఆమె, "చెప్పలేదేం?" అంది.

"చెబితే ఆ తర్వాతేం మాట్లాడాలో నాకు తెలీలేదు."

ఆమె ఫోన్ పెట్టేసింది. మర్నాడు మళ్ళీ చేసింది. "ఆదివారం. మా బ్లాక్ కింద. తాత చూడాలి. అంతే."

ఆదివారం సాయంత్రం ఫ్లాట్ల బ్లాక్ కింద ఖాళీ జాగాలో స్తంభాల మధ్య తెరగా దుప్పటి కట్టారు. ముందు వీల్‌ఛెయిర్‌లో దొరబాబు, పక్కన శాలిని తల్లి కుమారమ్మ, నలుగురైదుగురు ముసలమ్మలు. బజారు సంచులతో పోతున్న ఒక చైనీస్ ఆంటీ ఆగి నిలబడింది. చెకర్స్ ఆడుతున్న మలయ్ అంకుల్స్ ఆట ఆపి ఇటు తిరిగారు.

శాలిని ఒక్క మాట తప్పలేదు. దొరబాబు పెదాలు ఆమెతో పాటే కదిలాయి.

ఆఖరి సీను. పడవ పోయాక బతుకుతెరువుకి ఓడెక్కుతున్న మొగుడి చెయ్యి పట్టుకుంది గౌరి. "మళ్ళీ ఎప్పుడొస్తావు మావా?"

కమల్ ఆమె పట్టుకున్న చేతి వైపు చూశాడు.

"పున్నానికొస్తానని సెప్పు బాబూ," వీల్‌ఛెయిర్‌లోంచి అందించాడు దొరబాబు.

కమల్ తల అడ్డంగా ఊపాడు. "ఎప్పుడొస్తానో తెలీదు శాలినీ. వస్తానో లేదో కూడా తెలీదు. నిన్ను వదిలి వెళ్ళాలని లేదు."

ముసలమ్మలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. శాలిని దగ్గర ఆ మాటకి బట్టీ పట్టిన జవాబు లేదు.

"నాకు... నాకు తెలుగు అంత రాదు," అంది. "నువ్వు పోతే నేను ఎవరితో మాట్లాడతాను? నువ్వు పోకు. వాళ్ళు పంపిస్తారు, తెలుసు. అయినా నువ్వు పోకు."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. దుప్పటి గాలికి ఊగుతోంది.

దొరబాబు కమల్‌ని దగ్గరికి పిలిచాడు. కళ్ళు తడిసి ఉన్నాయి. "పాడు సేసినావు బాబూ. ఆడు రాడని గౌరికి తెల్సు. తెల్సే అడుగుతాది. ఆడు అబద్దం ఆడాల. జనం దానికే ఏడ్సేవోరు."

"నా వల్ల కాలేదు తాతగారూ."

ఆయన కమల్ చెయ్యి వదల్లేదు. "మా దానయ్య నీ మాట ఇంటే, తిరగరాసేవోడేమో."

బుధవారం ఉదయం చాంగీ ఎయిర్‌పోర్టుకి శాలిని వచ్చింది, వెనకే కుమారమ్మ. నాటకం రోజు నుంచి ఆవిడ కూతురితో మాట్లాడలేదు. కమల్‌కి ఏం చెప్పాలో తోచక వంగి ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టాడు.

"అక్కడ ఉద్యోగం ఉందా?" అంది కుమారమ్మ.

"లేదు ఆంటీ."

"ఇక్కడ మళ్ళీ దొరుకుతాదా?"

"తెలీదు ఆంటీ."

కుమారమ్మ కూతురి వైపు చూసింది. శాలిని చూపు నేల మీదే ఉంది, చెక్కిళ్ళు తడిగా ఉన్నాయి. ఆవిడ నిట్టూర్చి, కమల్ చొక్కా కాలరు సరిచేసింది.

"దొరికితే ఫోన్ చెయ్యి," అంది. "దొరక్కపోయినా చెయ్యి."

కమల్ సరేనని తల ఊపి పెట్టె ఎత్తుకున్నాడు. అతనితో పాటు, ఆఫీసుల ముందు చూసిన అవే అట్టపెట్టెలు, అవే ముఖాలు లైన్లో ముందుకు కదులుతున్నాయి. శాలిని అతని చెయ్యి పట్టుకుని, లైను ఎంతవరకు రానిస్తే అంతవరకు నడిచింది.