ఎర్ర బండి తూకం

మా షెడ్డులో పక్కపక్కనే నిలబడ్డ ఆ రెండు బండ్లలో ఏది ఎవరి చేతి పనో, రంగు చూడకుండా చెప్పగలిగినవాళ్ళం ఇద్దరమే: వదిన, నేను. రెండూ ఒకే పాత రేసు కారుకి నకళ్ళు. అసలు కార్లు మా నాన్న కాలంలో వచ్చినవి. ఇప్పుడు లోకంలో వేళ్ళమీద లెక్కపెట్టేన్ని ఉన్నాయి, వాటిని ముట్టుకోవడం కూడా మనవల్ల కాదు. అందుకని మాలాంటివాళ్ళం కొలతలు పట్టి, రేకు వంచి, అచ్చంగా అలాగే కొత్తవి కడతాం. ఎర్రది అన్నయ్య కట్టాడు. ఆకుపచ్చది ఆయన పోయాక నేను కట్టాను.

"చూడ్డానికి అలా ఉంటే చాలదురా. తూకంలో కూడా అలాగే ఉండాలి. లేకపోతే అది బొమ్మ" అనేవాడు అన్నయ్య. తూకం ఆయనకి పిచ్చి. నాలుగు చక్రాల కింద పీటల్లాంటి నాలుగు పలకలు పెడతాం. వాటి తీగలన్నీ ఒక స్టాండు మీదున్న డబ్బాకి వెళతాయి. దాని తెర మీద ఏ మూల ఎంత బరువుందో, కింద మొత్తం ఎంతో కనిపిస్తుంది. మూలల లెక్క కుదరకపోతే మలుపులో బండి మన మాట వినదు. గాలికి కూడా అంకె కదులుతుంది కాబట్టి తూచేటప్పుడు షట్టరు దించి, ఫ్యాన్లు ఆపేసి, నోళ్ళు మూసుకోవాలి. నేను మాట్లాడబోతే అన్నయ్య పెదాల మీద వేలు పెట్టి "ష్" అనేవాడు.

డ్రైవరు సీట్లో మనిషి బరువు ఉంటేనే ఆ తూకానికి అర్థం. అందరూ ఇసుక సంచులు పెడతారు. అన్నయ్య తనే ఎక్కి కూర్చునేవాడు. "ఇసుక ఊపిరి పీల్చదురా బుజ్జీ" అనేవాడు. తొంభై కిలోల మనిషిని నేను, అయినా ఆ ఇంట్లో బుజ్జినే. ఆయన చెప్పింది మాత్రం నిజం. ఇసుక పెడితే అంకె ఒకచోట ఆగి ఇక కదలదు. మనిషి కూర్చుంటే చివరి అంకె ఆగదు. పీలిస్తే ఒకటి పెరుగుతుంది, వదిలితే ఒకటి తగ్గుతుంది. పక్క సీట్లో వదినని కూర్చోబెట్టి, ఇద్దరితో మరోసారి తూచడం కూడా ఆయనకి అలవాటు.

వదిన మా బండ్లకి సీట్లు కుడుతుంది. తోలు కోయడం, కుట్టడం, గడ్డలు కట్టకుండా దూది నింపడం అంతా ఆమె పనే. ఆమె బండెక్కగానే అన్నయ్య "అదిగో, ఆ మూల స్ప్రింగు నాతో చాడీలు చెబుతోంది" అనేవాడు. ఆమె చేతిలో ఏదుంటే అది విసిరేది. ఆ నవ్వుల మధ్య అంకె అసలు నిలిచేది కాదు.

తరవాత ఆయనకి జబ్బు చేసింది. దాని పేరెత్తడం నాకిష్టం లేదు. ఎనభై కిలోల మనిషి మా కళ్ళముందే తరిగిపోయాడు. ఆసుపత్రి కాటాని నమ్మేవాడు కాదు, మా పలకల మీద, ఎర్ర బండిలో కూర్చునే తన బరువు తను చూసుకునేవాడు. తెర తనవైపు తిప్పమనేవాడు, తన కళ్ళతో చూస్తేగానీ ఊరుకునేవాడు కాదు. ఆఖరిసారి ఇద్దరూ కూర్చున్నప్పుడు వదిన డెబ్బై. ఆయన నలభై ఎనిమిది. "బండి తేలికైతే మంచిదేగా" అని నవ్వాడు. అంత కిందకి ఉన్న బండిలోంచి తనంతట తను లేవలేకపోతే, వదిన డ్రైవరు తలుపు దగ్గర నిలబడి చెయ్యి చాపింది. "రండి" అంది. ఆ చెయ్యి పట్టుకుని, దాదాపు ఆమె మీద వాలిపోయి దిగాడు. నేను పంపు దగ్గరికి పోయి, నీళ్ళు వదిలి, ఆ చప్పుడులో ఏడ్చాను. ఆ నెల దాటకుండానే ఆయన పోయాడు.

ఏడాది గడిచింది. మేం రేసు మాస్టారు అని పిలుచుకునే, ట్రాకు మీద కుర్రాళ్ళకి బండి నడపడం నేర్పే ఒకాయన మా రెండు బండ్లనీ చూసి మనసు పడ్డాడు. "రెండూ నా ముందు తూచండి. ఏది బాగా తూగితే అది తీసుకుంటాను" అన్నాడు. ఎర్రది ఇచ్చే ప్రసక్తే లేదని వదిన ముందే చెప్పేసింది. కాబట్టి నా ఆకుపచ్చది గెలవాలి. ఆయన వచ్చే ముందురోజు మధ్యాహ్నం, రెండింటినీ ఓసారి తూచి, నా బండి స్ప్రింగులు సరిచేసి పెట్టుకుందామనుకున్నాను.

బయట వాన పట్టింది. షట్టరు దించాను. షెడ్డులో మధ్యాహ్నమే మసక చీకటి. రేకుల మీద వాన చప్పుడు, కింద పెట్రోలు వాసన, తోలు వాసన. ముందు ఆకుపచ్చదాన్ని పలకల మీదకి తోశాను. ఖాళీ బండి ఎనిమిది వందల ఇరవై మూడు. ఎర్రదానికంటే పదకొండు కిలోలు ఎక్కువ, అదీ చాలావరకు ముందు భాగంలోనే. అన్నయ్య ఉంటే చెవి మెలిపెట్టేవాడు.

తరవాత ఎర్రది. దాని ఖాళీ బరువు అన్నయ్య బానెట్టు లోపల తెల్ల రంగుతో రాసుకున్నాడు. ఎనిమిది వందల పన్నెండు. తెర మీద మాత్రం ఎనిమిది వందల ఎనభై ఒకటి కనిపించింది.

ఇసుక సంచి మర్చిపోయానేమో అనుకున్నాను. సీటు ఖాళీ. డిక్కీ తీశాను, పనిముట్లేం లేవు. జాకీ పెట్టి బండి లేపి, పలకలు అటువి ఇటు, ఇటువి అటు మార్చి, తెర మీద సున్నా చూసుకుని మళ్ళీ దించాను. పలక చెడితే ఆ తప్పు పలకతోపాటు అవతలి పక్కకి పోవాలి. పోలేదు. అరవై తొమ్మిది కిలోలు డ్రైవరు వైపే ఉన్నాయి.

అప్పుడే కరెంటు పోయింది. డబ్బాకి బ్యాటరీ ఉంది కాబట్టి ఆ తెర ఒక్కటే వెలుగుతోంది. చూస్తూ నిలబడ్డాను. ఎనిమిది వందల ఎనభై ఒకటి... ఎనభై రెండు... ఎనభై ఒకటి...

చివరి అంకె ఆడుతోంది.

గాలి లేదు. నేను బండిని ముట్టుకోలేదు. నా ఊపిరి బిగబట్టాను. అంకె ఆగలేదు. పెరిగింది... తగ్గింది... నిదానంగా, నిద్రపోతున్న మనిషిలా. పెట్రోలు వాసనలోంచి ఇంకో వాసన వచ్చింది. చివరి నెలల్లో అన్నయ్య వీపుకి నేను రాసిన నొప్పుల మందు వాసన.

"ఎంతుంది?"

వదిన. కుట్టు గది గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె గొంతులో ఆశ్చర్యమేం లేదు.

"అరవై తొమ్మిది ఎక్కువ చూపిస్తోంది వదినా."

"పోయిన వారం అరవై ఏడే" అంది మెల్లగా. "కోలుకుంటున్నారు."

ఆమె వచ్చి, పక్క సీటు వైపు తలుపు తీసి, రోజూ ఇంట్లో కుర్చీలో కూర్చున్నంత మామూలుగా కూర్చుంది. నువ్వు భోజనానికి వెళ్ళినప్పుడల్లా నేనిక్కడే ఉంటున్నాను బుజ్జీ, అని చెప్పింది. మొదట్లో నలభై ఎనిమిది ఉండేవారట. పలకలు తనే పెట్టుకుని చూసుకుంటోందట. మాట్లాడరట. కానీ పక్కన వెచ్చగా ఉంటుందట.

తెర వెలుగులో ఆమెని చూశాను. రోజూ చూసే మనిషినే, ఆ వేళే సరిగ్గా చూశాను. బుగ్గలు లోపలికి పోయాయి. చేతి గడియారం జారి మోచేతి దగ్గర ఉంది. అన్నయ్య పోయిన దిగులు అనుకుంటూ వచ్చాను. దిగులుకి మనుషులు చిక్కుతారు కదా, అందరూ అదే అన్నారు.

మొత్తం తొమ్మిది వందల ముప్ఫై. ఆమె ఎక్కితే పెరిగింది నలభై తొమ్మిదే.

"వదినా... నువ్వు డెబ్బై ఉండేదానివి."

"దానికేం? ఇద్దరిదీ కలిపితే అప్పుడెంతో ఇప్పుడూ అంతే."

కలిపాను. అప్పుడు డెబ్బై, నలభై ఎనిమిది. ఇప్పుడు నలభై తొమ్మిది, అరవై తొమ్మిది. రెండుసార్లూ నూట పద్దెనిమిదే. వాన చప్పుడు ఒక్కసారిగా దూరమైపోయినట్టనిపించింది.

"ఎనభై అయ్యేదాకా ఆగు. ఎనభై అయితే ఆయన తన కాళ్ళమీద తను లేస్తారు" అంది.

"అప్పటికి నువ్వు?"

ఆమె డ్రైవరు సీటు మీదికి చెయ్యి చాపి, అక్కడ గాలిలో, ఒక మోకాలు ఉండాల్సిన ఎత్తులో ఆనించి ఉంచింది. ఆ చెయ్యి కిందకి జారలేదు.

నన్ను పెంచింది వదినే. అమ్మ పోయిన ఇంట్లో నాకు జ్వరమొస్తే రాత్రంతా కూర్చున్నది ఆమె. అన్నయ్య పోయాడు. ఇప్పుడు ఈమె కూడా నా కళ్ళముందే తరిగిపోతోంది, నవ్వుతూ. నాకు భయం కంటే కోపం ఎక్కువొచ్చింది, కోపం కంటే ఏడుపు.

"నేను కూర్చుంటాను. నా దగ్గర బోలెడంత ఉంది, ఈ పొట్ట తీసుకోమను" అన్నాను.

"కూర్చుని చూశావుగా, మొన్న ఇందులో కార్పెట్ అతికించినప్పుడు రోజంతా. నీది తీసుకోరు. నేను ఇస్తున్నాను కాబట్టి తీసుకుంటున్నారు."

"తెలిసే తీసుకుంటున్నాడా?"

ఆమె మొహం మారింది. "వద్దు బుజ్జీ..." అంది.

అప్పటికే స్టాండు పట్టుకున్నాను. తీగలు ఈడ్చుకుంటూ, తెరని డ్రైవరు సీటు వైపు తిప్పాను. జబ్బు రోజుల్లో తిప్పినట్టే. వదిన భుజాలు పట్టుకుని బలవంతంగా బండిలోంచి దింపాను. ఆమెని లేపడానికి బలమే అక్కర్లేకపోయింది.

"అన్నయ్యా" అన్నాను. "అంకె చూడు. వదిన దిగితే ఎంత తగ్గిందో చూడు. నలభై తొమ్మిది. డెబ్బైలో మిగతాదంతా నీ దగ్గర ఉంది."

తెర వెలుగు ఖాళీ సీటు మీద పడుతోంది. తోలు మీద నొక్కుకుపోయిన గుంట... అది మొదటినుంచీ ఉందా?

ఎనభై ఒకటి... ఎనభై రెండు... ఎనభై ఒకటి.

ఆగిపోయింది.

ఊపిరి బిగబట్టినట్టు. చాలాసేపు.

"ఎందుకు చూపించావు?" వదిన గుసగుసగా ఏడుస్తోంది. "ఆయనకి తెలీదురా... తెలిస్తే ఉంటారా?"

డ్రైవరు వైపు స్ప్రింగు కిర్రుమంది. బండి ఆ పక్క ఇంత పైకి లేచింది. మళ్ళీ కుంగింది. మళ్ళీ లేవబోయింది... లేవలేని మనిషి లేవబోయినట్టు. వదిన కళ్ళు తుడుచుకుంది. బండి చుట్టూ తిరిగి వెళ్ళి, డ్రైవరు తలుపు తీసి, చెయ్యి చాపింది.

"రండి" అంది.

బండి తేలికపడింది. తెర మీద ఎనిమిది వందల పన్నెండు. అంకె కదలడం లేదు. మందు వాసన కూడా పోయింది. వదిన ఆ చీకట్లో కాసేపు అలాగే ఒక పక్కకి వంగి నిలబడి, తరవాత కుట్టు గదిలోకి నెమ్మదిగా నడిచి వెళ్ళిపోయింది. నేను షట్టరు ఎత్తి, వానలో కూలబడి, ఆయన పోయిన రోజు కంటే ఎక్కువ ఏడ్చాను. ఈసారి ఆయన్ని నేనే పంపించేశాను కదా అని.

మర్నాడు ఎండ కాసింది. వదిన నాతోపాటు కూర్చుని కడుపునిండా తింది, మారు కూడా వడ్డించుకుంది. నా ప్రాణం కుదుటపడింది. రేసు మాస్టారు వచ్చి, మోకాళ్ళమీద కూర్చుని మరీ తూకం చూశాడు. తన బరువుకి సరిపడా ఇసుక సంచులు రెండు బండ్లలోనూ పెట్టించాడు. ఎర్రది మూలమూలకీ కుదిరింది. నాది ముందుకి మొగ్గింది. "ఇదే కావాలి, కట్టినవాడెవరో మహానుభావుడు" అని ఎర్ర బండి మీద చెయ్యి వేశాడు. నేను భయపడుతూ వదినవైపు చూశాను.

"తీసుకెళ్ళనీ బుజ్జీ. అందులో ఇంకేముంది?" అందామె, తల కూడా తిప్పకుండా.

సంచులు దింపి, బండిని లారీ ఎక్కించారు. లారీ మలుపు తిరిగేదాకా నేను చూస్తూ నిలబడ్డాను. వదిన చూడలేదు. ఏడాదిపాటు ప్రాణంలా పట్టుకున్న బండిని అలా ఎలా వదిలేసిందా అనుకుంటూ లోపలికి వచ్చి తీగలు చుట్టడం మొదలుపెట్టాను. డబ్బాని ఇంకా ఆపలేదు. ఆమె నాకు సాయం చేస్తూ, నేలమీదున్న ఒక పలక మీద నుంచి అవతలికి దాటబోయి, రెండు కాళ్ళూ దానిమీద పెట్టి ఆగింది. మెడలో కొలత టేపు, ఎముకల మీద వేలాడుతున్న బట్టలు, చిన్న పాదాలు.

తెర మీద ఒక మూల మాత్రమే వెలిగింది. నూట పద్దెనిమిది.

నేను నోరు తెరిచాను. వదిన నావైపు చూసి, పెదాల మీద వేలు పెట్టి, "ష్" అంది, అచ్చం ఆయనలాగే.

చివరి అంకె ఆడుతోంది. ఒకటి పెరుగుతుంది, అది తగ్గేలోగా ఇంకొకటి పెరుగుతుంది.