ఇంటిపేరు అడిగే గొంతు

మలయా దేశంలోని తెలుక్ ఇంటాన్‌ని ఇంకా తెలుక్ ఆన్సన్ అనే రోజుల్లో, ఆ ఊరికి పోయే ఎర్రమట్టి రోడ్డు మీద ఒక మలుపుకి చెడ్డపేరు ఉండేది. మలుపులో చిన్న చర్చి. తలుపులు మూసి, కిటికీలకు చెక్కలు కొట్టేశారు. గోడల నిండా నాచు. పెరట్లో ఒకే ఒక్క సమాధి.

మునిమాపు వేళ ఆ దారిన పోయేవాళ్లని అక్కడ ఎవరో పలకరించేవారట. మనిషి కనపడడు. గొంతు ఒక్కటే —

"ఏ ఊరు?"

కాస్త ఆగి, మళ్లీ...

"ఇంటిపేరేటి?"

తెలుగే. కానీ తెల్లవాడి నోట్లో నలిగి వచ్చే తెలుగు. ఒకసారి రబ్బరు పాలు గీసే మనిషి ఒకడు అది విని సైకిలు అక్కడే పడేసి పరుగెత్తుకొచ్చాడు. జ్వరం వచ్చి చాన్నాళ్లు లేవలేదు. అప్పట్నించీ తోట జనం పొద్దు వాలితే కాలవ గట్టు చుట్టూ తిరిగి వచ్చేవారు గానీ, ఆ మలుపు తొక్కేవారు కాదు.

ఆ గొంతు ఎవరిదో అందరికీ తెలుసు. పేర్ల దొరది.

అసలు పేరు విట్‌కోంబ్. రబ్బరు తోట మేనేజరు. ఇంగ్లండులో ఏదో మారుమూల పల్లె ఆయనది. తండ్రి అక్కడి చర్చిని చూసుకునేవాడట. ఎవరు పుట్టారు, ఎవరు ఎవర్ని కట్టుకున్నారు, ఎవరు పోయారు... ఆ పల్లెలో తాతముత్తాతల నాటి సంగతులన్నీ దొరకి కంఠతా. "మా చర్చి పెరట్లో మావోళ్లందరూ వరసగా పడుకున్నారు. నేనొక్కణ్ణే ఇక్కడ," అనేవాడు. తన సొంత డబ్బుతో మలుపులో ఆ చర్చి కట్టించింది కూడా అందుకే.

ఆ పిచ్చి ఇక్కడి జనం మీదికీ వచ్చింది. శ్రీకాకుళం వైపు నించి ఓడల్లో వచ్చినవాళ్లు కనపడితే చాలు, ఊరూ ఇంటిపేరూ అడిగేవాడు. ఆఫీసు కాగితాల్లో ఫలానావాడి కొడుకు ఫలానా అని తప్ప ఇంకేమీ ఉండదు. ఇంటిపేర్లు తోటల్లో అరిగిపోతున్నాయి. దొర మాత్రం అడిగి అడిగి గుర్తుపెట్టుకున్నాడు.

కమ్యూనిస్టుల తిరుగుబాటు మీద తెల్లవాళ్లు ఎమర్జెన్సీ పెట్టిన కాలం. అడవిలో దాక్కున్న కమ్యూనిస్టులు దొర కారు మీద కాల్పులు జరిపారు. దొర పోయాడు. పక్కన కూర్చున్న తోటమాలి సుప్పయ్య కూడా పోయాడు.

సుప్పయ్యకి ఒక్కతే కూతురు, విజయలెచ్చుమి. తల్లి లేదు. తోట కూలీల లైను ఇళ్లల్లో ఉండే నరసమ్మ ఆ పిల్లని చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చింది. నరసమ్మకి మొగుడు లేడు, పిల్లలు లేరు. జపానోళ్ల కాలంలో సయాం రైలు దారి వేసే పనికి పోయినవాడు మొగుడు, మరి తిరిగి రాలేదు.

మెర్డెకా, అంటే స్వాతంత్ర్యం, వచ్చే ఏటికి పిల్ల పెళ్లీడుకొచ్చింది. పక్క లైనులో బంగారయ్య కొడుకు సూరిబాబు ఆ పిల్లనే చేసుకుంటానన్నాడు. పిల్లకీ ఇష్టమే. బంగారయ్య మంచి మనిషి. కొత్త జెండా ఎగిరిన వారంలోనే మూడుముళ్లూ వేయిద్దామన్నాడు. పిల్ల ఆయన్ని అప్పుడే "మావా" అని పిలవడం మొదలుపెట్టింది.

అంతా కుదిరాక ఒక సాయంత్రం బంగారయ్య వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు.

"నరసమ్మా... పిల్ల ఇంటిపేరేటి?"

నరసమ్మ బిత్తరపోయింది. "నాకేటి తెలుసన్నా. సుప్పయ్య ఎవుడితోనూ మాటాడీవోడు కాదు. జపానోళ్లు పోయినాక కెడా వైపు నించి ఐదేళ్ల బిడ్డనెత్తుకుని వచ్చినాడు. బంగళా ఎనకాలే ఉండీవోడు."

"అదే నా బయ్యం," అన్నాడు బంగారయ్య. "మా సిన్నాన్న కెడా తోటకే పోయినాడు. అక్కడే పుట్టిన ఆయన పిల్లల పేర్లూ తెల్దు, ఏటైపోయినారో తెల్దు. ఈ తోటకి మేం వచ్చీసరికే సుప్పయ్య పోయినాడు. ఆణ్ణి నేను సూడనేదు."

సుప్పయ్యా ఆ ఇంటివాడే అయితే, సూరిబాబూ ఈ పిల్లా అన్నాచెల్లెళ్లు.

"ఇంటిపేరు తెల్వకుండా తాళి కట్టించలేను," అని లేచి వెళ్లిపోయాడాయన.

నరసమ్మ పిల్లనీ, ముసలివాళ్లందర్నీ అడిగింది. ఎవరికీ తెలియదు. తెలిసిన మనిషి ఒక్కడే... ఆయన చర్చి పెరట్లో ఉన్నాడు. రాత్రంతా దొర్లింది. దొర చెప్పిన మాట ఒకటి గుర్తొచ్చింది. వాళ్ల పల్లెలో పెళ్లికి ముందు ఆదివారాలు చర్చిలో ఇద్దరి పేర్లూ చదువుతారట. ఏదైనా అడ్డు ఉందని తెలిసినవాళ్లు లేచి చెప్పాలట.

"బతికున్నోళ్లకి తెల్వనప్పుడు సచ్చినోణ్ణే అడగాల," అనుకుంది.

మర్నాడు పొద్దుగూకే ముందు బయల్దేరింది. చీకటి పడితే కర్ఫ్యూ. లైన్ల చుట్టూ వేసిన ముళ్లకంచె గేటు మూసేస్తారు. ఈలోగా వెళ్లి రావాలి.

మలుపు దగ్గరికి వచ్చేసరికి రబ్బరు చెట్ల కింద అప్పుడే చీకటి. గాలి లేదు. చర్చి నల్లగా నిలబడి ఉంది. నరసమ్మ చెప్పులు విప్పి, సమాధికి కాస్త దూరంగా ఆగింది.

ఏమీ లేదు.

తిరిగిపోదామనుకుంది. అప్పుడు —

"ఏ ఊరు?"

పైనించి వచ్చింది. దొర గొంతే. అదే యాస.

నరసమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఇంటిపేరేటి?"

"నాది కాదు దొరా," అంది గుసగుసగా. "సుప్పయ్యది సెప్పండి. ఆడి బిడ్డ నా కాడుంది. పెళ్లాగిపోయింది."

ఎంతసేపో తెలియదు, చప్పుడు లేదు. తరవాత ఒక దగ్గు. ఆ దగ్గు వెనకాలే ఇంకో గొంతు... దొరది కాదు. బొంగురుగా, సాగదీస్తూ —

"టెక్కలి దొరా... దుంపలోళ్లం దొరా..."

సుప్పయ్య.

నరసమ్మ చెప్పులు మర్చిపోయి పరుగెత్తింది. గేటు మూస్తుంటే సందులోంచి లోపల పడింది.

ఆ రాత్రే బంగారయ్యకి చెప్పింది. ఆయన లేచి దీపం ఒత్తి తగ్గించాడు. దుంపలవారే వాళ్లూ. టెక్కలే వాళ్ల ఊరూ. పక్కనే ఉన్న సూరిబాబుకి కోపం వచ్చింది.

"దెయ్యం మాట పట్టుకుని పెళ్లాపీస్తారేటి?"

విజయలెచ్చుమి గోడకి ఆనుకుని అంతా విన్నది. "నన్నట్టుకెళ్లండి. మా నాయన గొంతైతే నాకు తెలుస్తాది," అంది.

మరుసటి సాయంత్రం నలుగురూ వెళ్లారు. చర్చి తలుపు ఓరగా తీసి ఉంది. అది చూసి నరసమ్మ ఆగిపోయింది. లోపలినించి చీపురు పట్టుకుని మారియమ్మ వచ్చింది. ఒకప్పుడు దొర బంగళాలో వంట చేసి, ఇప్పుడు పట్నంలో ఉండే తమిళ కిరస్తానీ ముసలామె. అప్పుడప్పుడూ వచ్చి సమాధి చుట్టూ శుభ్రం చేసి పోతుంది.

వాళ్లు నోరు తెరవకముందే పైనించి గొంతు —

"ఏ ఊరు?"

సూరిబాబు వెనక్కి అడుగేశాడు. మారియమ్మ మాత్రం తల కూడా ఎత్తలేదు.

"టెక్కలి దొరా... దుంపలోళ్లం దొరా..."

"నాయనా," అంది విజయలెచ్చుమి.

గంట వేలాడే కమ్మీ మీద రెక్కలు టపటపలాడాయి. నల్లగా నిగనిగలాడే పిట్ట, పసుప్పచ్చ ముక్కు. మారియమ్మ నవ్వింది. అది దొర తన గదిలో పెంచిన కొండ గోరువంక అని తమిళంలో చెప్పింది. రోజూ పొద్దున్నే దానికి మేత పెట్టేది సుప్పయ్యే. తెలుగు మర్చిపోకుండా ఉండడానికి దొర రోజూ వాణ్ణి అదే అడిగేవాడట, వాడు అదే చెప్పేవాడట. ఇద్దరూ పోయి బంగళాకి తాళం పడ్డాక పిట్ట ఇక్కడ గూడు చేసుకుంది. చీకటి పడేముందు ఇలా వాగుతుంది.

సూరిబాబు గట్టిగా ఊపిరి వదిలాడు. "గోరువంక గదా. ఒట్టి గోరువంక. విన్నావా అయ్యా?"

బంగారయ్య విన్నాడు. ఆయన మొహంలో నవ్వు లేదు.

"దెయ్యమైతే అబద్ధమాడీదేమో," అన్నాడు మెల్లగా. "పిట్టకేటి తెలుసురా అబద్ధం? ఇన్నదే అంటాది." మళ్లీ, "మా సిన్నాన్న ఇలాగే సాగదీసీవోడు," అన్నాడు. చెయ్యి అడ్డం పెట్టుకుని మొహం పక్కకి తిప్పుకున్నాడు.

సూరిబాబు ఆ పిల్ల వైపు చూశాడు. ఆ పిల్ల చూడలేదు. వాడు రోడ్డు మీదికి పోయి, వీపు ఇటు పెట్టి నిలబడ్డాడు.

నరసమ్మకి ఏడుపు ఆగలేదు. తెలుసుకోవాలని వచ్చింది తను. తెలిసింది. ఇప్పుడు పిల్లకి ఏం చెప్పాలి? ఎందుకు అడిగానా అనిపించింది.

బంగారయ్యే ముందుకొచ్చి విజయలెచ్చుమి తల మీద చెయ్యి పెట్టాడు.

"సయాం రైలుకి మావోళ్లందరూ పోయినారనుకున్నాను. నువ్వున్నావు."

ఆ పిల్ల పెదాలు కదిలాయి. "మా..." అని, ఆగి, మింగుకుని... "పెదనాన్నా," అంది.

గేటు మూసే వేళయింది. నరసమ్మ పిల్ల భుజం పట్టుకుని నడిపించింది. నాలుగడుగులు వేశారో లేదో, వెనకనించి మళ్లీ ఆ బొంగురు గొంతు. దొర అడగలేదు ఈసారి. మేత పెట్టే వేళ సుప్పయ్య బంగళా వంటింటి వైపు తిరిగి రోజూ ఏమనేవాడో, అది అన్నది —

"పాప తిన్నాదా?"

విజయలెచ్చుమి ఆగిపోయింది. వెనక్కి తిరగలేదు.

"తిన్నాను నాయనా," అంది.