మూతి దాకా నింపిన ట్యాంకు

కుట్టుమిషనావిడ చెప్పిందట ఇస్త్రీ ఆయనకి. ఇస్త్రీ ఆయన దానికి నాలుగు చిలవలు, నాలుగు పలవలు అల్లి కానిస్టేబుల్ చెవిన వేశాడు. గురువారం సాయంత్రం వెల్డరుగారి షెడ్డులోంచి బండి తనంతట తనే బయటికి పోయిందట. గంట తిరక్కుండా తనే వెనక్కి వచ్చిందట. మర్నాడు పొద్దున్నే, ఏడింటికి, షెడ్డులో ఆయాసపడుతూ దగ్గిందట గానీ మరి లేవలేదట.

"దయ్యం సార్," అన్నాడు కానిస్టేబుల్.

"దానికి లైసెన్సుందేమో కనుక్కో," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

నవ్వు అక్కడితో సరి. గురువారం సాయంత్రం 5:40కి కాలువ వంతెన దగ్గర బడి ప్యూను చనిపోయాడు. ముప్ఫై ఏళ్ళు బడిగంట కొట్టిన మనిషి. సైకిల్ మీద ఇంటికి పోతుంటే వెనకనుంచి ఓ మోటార్ సైకిల్ హ్యాండిల్ తగిలింది. తల గట్టురాయికి కొట్టుకుంది.

బండివాడు ఆగలేదు.

గొర్రెలు తోలుకొస్తున్న ముసలాయన చూశాడు. గుండ్రటి హెడ్‌లైట్. నల్ల ట్యాంకు. పాత మోడల్. అలాంటివి ఊళ్ళో మూడే ఉన్నాయి. రెండు ఆ వేళకి ఎక్కడున్నాయో తేలిపోయింది.

మూడోది వెల్డరుది. ఆయన ఓడల రేవులో కాంట్రాక్టు పనికి పోయి తొమ్మిది నెలలైంది. ఇంట్లో ఉన్నది ఆయన భార్య, ఆయన తమ్ముడు.

శనివారం ఉదయం 9:10. తమ్ముడు షెడ్డు గుమ్మంలోనే ఎదురొచ్చాడు.

"దండగ సార్. స్టార్ట్ కాదు. తొమ్మిది నెలల పెట్రోలు, చెడిపోయింది."

"తాళాలెన్ని?"

"రెండు. ఒకటి మా వదిన దగ్గర మేకుకి ఉంటుంది. రెండోది స్పానరక్క దగ్గర. నెలకోసారి వచ్చి చూసిపోతుంది."

"నువ్వు ముట్టుకున్నావా?"

"అన్నయ్య బండి సార్ అది. ఆయన వెళ్ళాక వేలు కూడా పెట్టలేదు."

కానిస్టేబుల్ పదకొండు కిక్కులు కొట్టాడు. బండి గుర్రుమంది, దగ్గింది, చచ్చింది. మూత తీసి చూశారు. పెట్రోలు మూతి దాకా ఉంది.

ఫోన్లో పైఆఫీసరు విసుక్కున్నాడు. "లేవని బండి మనిషినెలా చంపుతుందయ్యా? మెకానిక్ చేత ఓ ముక్క రాయించుకో. ఆ ఇంటి సంగతి వదిలెయ్."

మెకానిక్ అంటే స్పానరక్కే. యాభై దాటిన మనిషి, మోచేతుల దాకా గ్రీజు. 10:30కి ఇన్‌స్పెక్టర్ వెళ్ళేసరికి ఓ స్కూటరు పొట్ట విప్పుకుని కూర్చుంది.

"ఓ సంతకం కావాలమ్మా. పెట్రోలు చెడింది, బండి కదిలే స్థితిలో లేదు అని."

"పెట్టను."

"పదకొండు కిక్కులు కొట్టాం."

"నా చేత్తో పడుకోబెట్టిన బండి ఒక్క కిక్కుకి లేస్తుంది. లేవలేదంటే ఎవడో దాని కడుపులో ఏదో పోశాడు."

ఇన్‌స్పెక్టర్ గొంతు తగ్గించాడు. "ఆలోచించుకో. బండి బాగుందంటే రెండో తాళం నీది. మొదటి అనుమానం నీ మీదే. గురువారం 5:40కి ఎక్కడున్నావు?"

"ఇక్కడే."

"చూసినవాళ్ళు?"

"ఈ స్కూటరు చూసింది. అడగండి."

"హాస్యం కాదు. చెడిందని రాస్తే ఇంటికి పోతావు. లేదంటే స్టేషనుకి."

"స్టేషనుకే పదండి. ఇరవై రెండేళ్ళుగా ఈ ఊరి బండ్లు నన్ను నమ్ముకుని నిద్రపోతున్నాయి. భయపడి నా పని నేనే చెడగొట్టానని రాసిస్తే, రేపు ఏ మొహంతో స్పానర్ పట్టుకోను?"

చేతులు గుడ్డకి తుడుచుకుని లేచింది.

"ఇప్పటి పెట్రోల్లో ఇథనాల్ కలుస్తోంది సార్. అది తేమని తాగుతుంది, మూత పెట్టని ఉప్పు డబ్బాలాగా. నీళ్ళు ఎక్కువయ్యాయా, ఇథనాల్‌ని వెంటేసుకుని అడుక్కి దిగిపోతాయి. ఇంజన్ తాగేది ఆ అడుగునే. అందుకే గాలికి చోటు లేకుండా మూతి దాకా నింపుతాను. పెట్రోలు చెడకుండా ఆపే మందు, స్టెబిలైజర్, కొలిచి పోస్తాను. పది నిమిషాలు ఇంజన్ తిప్పుతాను, మందు కార్బురేటర్ దాకా చేరాలిగా."

"మందు పనిచేయలేదేమో."

ఆవిడ అలమార తెరిచింది. వరసగా చిన్న చిన్న గాజు సీసాలు, ఒక్కోదానికి ఓ చీటీ. నిలవపెట్టిన ప్రతి బండి ట్యాంకులోంచి ఓ సీసాడు పట్టి ఉంచడం ఆవిడ అలవాటు. మందుల షాపు పెట్టావా అని ఊరు నవ్వేది. వెల్డరు సీసా తీసి వెలుతురుకి పట్టింది. లేత నీలం, కన్నీరంత తేట.

"అదే రోజు, అదే పెట్రోలు, అదే మందు. నీలం ఆ మందుదే. ఇది చెడలేదు, ట్యాంకులోది చెడింది. దింపి చూడండి. నా ఎదురుగా."

మధ్యాహ్నం 12:15. షెడ్డులో అందరూ ఉన్నారు. వదిన ఆసుపత్రి నర్సు యూనిఫాంలోనే గుమ్మానికి ఆనుకుని నిలబడింది. తమ్ముడు గోడవార.

ట్యాంకు పెట్రోలు గాజు జాడీలోకి దిగింది. ఐదు నిమిషాలు కదపకుండా ఉంచారు. జాడీ అడుగున రెండు వేళ్ళ మందాన మడ్డినీళ్ళు చేరాయి. పైన వెలిసిపోయిన నీలం.

ఇన్‌స్పెక్టర్ పక్కనే సీసా పెట్టాడు.

"రంగు పలచబడింది. అంటే కొంత పెట్రోలు తిరుగుడుకి ఖర్చయింది. మళ్ళీ మూతి దాకా పోశారు, మందు లేకుండా. బంకుకి పోలేదు. అక్కడ కెమెరా ఉంది."

షెడ్డు వెనక, పెట్రోలుతో నడిచే నీళ్ళ పంపు పక్కనున్న ప్లాస్టిక్ క్యాన్ తెప్పించాడు. మూత లేదు. వానలకి బయటే తడిసింది. అడుగున మిగిలింది ఓ గాజు గ్లాసులోకి ఒంపితే అదే మడ్డి.

"ఈ పంపు ఎవరు నడుపుతారు?"

వదిన మరిది వైపు చూసింది.

"క్యాన్ నాదైతే ఏం? ఎవరైనా పోయొచ్చు! స్పానరక్క పోయొచ్చు, వదిన పోయొచ్చు!"

"పోయొచ్చు. కానీ పొద్దున నేను తాళం అడగకముందే స్టార్ట్ కాదన్నావు. వేలు పెట్టనివాడికి ఎలా తెలిసింది?"

"పాత పెట్రోలు కదాని... ఊహించాను."

"ఊహ కాదు. కుట్టుమిషనావిడ దయ్యం శుక్రవారం ఏడింటికి దగ్గింది చూడు, అప్పుడు కిక్కు కొట్టింది నువ్వు. ఆ వేళకి మీ వదిన వార్డులో డ్యూటీ. స్పానరక్క మా స్టేషన్లో నా జీపు కింద పడుకుని రిపేరు చేస్తోంది. ఇక మిగిలిందెవరు? ఆదివారం ఆవిడ తనిఖీకి వస్తుంది, ట్యాంకు తగ్గితే అడుగుతుంది. అందుకే నింపావు."

తమ్ముడు గోడవారే జారి కూర్చున్నాడు. "నా స్కూటరు పంక్చరైంది... తొందరలో తీశాను. అన్నయ్యకి తెలిస్తే చంపేస్తాడని..."

వదిన స్పానరక్క వైపు తిరిగింది. కళ్ళల్లో నీళ్ళు, గొంతులో నిష్ఠూరం. "పిల్లాడి బతుకు, అక్కా. పెట్రోలు చెడిందని ఒక్క సంతకం పెడితే నీ సొమ్మేం పోయేది?"

స్పానరక్క జాడీ పక్కనుంచి తన సీసా తీసుకుంది. చీటీ సరిచేసి జేబులో వేసుకుంది. కింద కూర్చున్నవాడి ముందుకొచ్చి నిలబడింది.

"తొమ్మిది నెలలు పడుకున్న బండి ఒక్క కిక్కుకి లేచింది కదరా నీకు. ఆయన పడ్డాక దాన్ని అర నిమిషం ఆపలేకపోయావా?"