ఉన్నిబేరగాడి సమాధిలో బాంబు

చర్చి గంటలు మోగిస్తూ, సమాధుల గోతులు తవ్వే ముసలి ఎనోక్ ఛాతీలో తూటా దిగింది. చప్పుడు లేదు. సైలెన్సర్.

రాతిపనివాడి వేషంలో ఉన్న బ్రిటిష్ ఏజెంట్ మెర్విన్ థాక్రే అతన్ని సమాధుల చాటుకి లాగాడు. ఇంగ్లండ్‌లోని ఆ కాట్స్‌వోల్డ్ పల్లెలో గూఢచారి డిపార్ట్‌మెంట్‌కున్న ఒకే ఒక్క వేగు ఎనోక్.

"ఉన్నిబేరగాడి సమాధిలో... టైంబాంబు పెట్టార్రా అబ్బాయ్," అన్నాడు ముసలాయన. నోట్లోంచి రక్తం పొంగింది. ప్రాణం పోయింది.

చర్చి లోపల రక్షణమంత్రి కూతురి పెళ్లి. కాసేపట్లో పెళ్లివారంతా ఈ సమాధుల మధ్య నుంచే బయటికొస్తారు. ఏ సమాధని వెతకాలి? పాతకాలపు ఉన్నిబేరగాళ్లంతా ఇక్కడే పడుకున్నారు. ప్రతి రాతిపెట్టె మీదా చెక్కిన ఉన్నిమూటలు, పుర్రెలు, బూరెబుగ్గల దేవదూతలు.

పూలగుత్తితో ఒక అందగత్తె దగ్గరకొచ్చింది. "ఈ ఏడు ఉన్ని ఎలా ఉంది?"

అది కోడ్. "తడిసి బరువెక్కింది," అన్నాడు మెర్విన్. వచ్చింది లిడియా. ఏళ్ల తరబడి అతనితో కలిసి ప్రాణాలకు తెగించిన ఏజెంట్.

"బాంబు గేటు పక్క సమాధిలో ఉంది. నే చూశా, పద!"

మెర్విన్ కదలలేదు. గేటు పక్క సమాధి మీద పాచి చెక్కుచెదరలేదు. లిడియా వెనకున్న పలక అతుకుల్లో మాత్రం పచ్చి సున్నం. ఆమె గ్లవ్ అంచునా అదే సున్నం.

"నువ్వా, లిడియా?"

"నిన్నిక్కడికి పంపొద్దనే చెప్పా, మెర్విన్. డిపార్ట్‌మెంట్ వాళ్లు వినలేదు."

పూలలోంచి సైలెన్సర్ పిస్టల్ లేచింది. మెర్విన్ సుత్తి ఆమె మణికట్టు మీద పడింది. ఎముక పటుక్కుమంది. గురి తప్పిన తూటా దేవదూత ముఖాన్ని చిదిమేసింది. ఆమె తన టోపీలోని పొడవాటి సూది లాగి అతని భుజంలో దించింది. అతను ఆమె జుట్టు పట్టి తలను సమాధి అంచుకేసి మోదాడు. రాతిపుర్రె ఎర్రబడింది. లిడియా నేలకు జారింది. ఏడవడానికి టైం లేదు.

సుత్తి దెబ్బలకు పలక పగిలింది. ఎముకల మధ్య చిన్న ఇనప్పెట్టె, దాని మీద గడియారం, చిక్కుపడ్డ వైర్లు. ముల్లు పేలుడు గీతను తాకబోతోంది. చర్చి తలుపులు తెరుచుకున్నాయి. పెళ్లికూతురి నవ్వు వినిపించింది.

పొద్దున ఎనోక్ తవ్విన కొత్త గొయ్యిలోకి బాంబు పెట్టెను విసిరి, మెర్విన్ బోర్లా పడ్డాడు.

భూమి అదిరింది. మట్టి ఆకాశానికి ఎగిసింది. లోహపు ముక్కలన్నీ రాతిసమాధులే అడ్డుకున్నాయి. పెళ్లికూతురి మేలిముసుగు మట్టికొట్టుకుపోయింది గానీ ఆమెకు గీత పడలేదు.

చర్చి ఫాదర్ వగరుస్తూ వచ్చాడు. "ఏమయ్యా మేస్త్రీ! ఈ పలక పగలగొట్టడానికి బిషప్ గారి పర్మిషన్ ఉందా?"

మెర్విన్ భుజంలోంచి సూది పీకేశాడు. "లేదు ఫాదర్. బాంబు పెట్టినవాళ్లు తీసుకున్నారేమో కనుక్కుంటా."