గొట్టంలో గొంతు

చీకటి పడ్డాక ఆ పార్కులో ఇసకగుంట వెనక మూలకి ఎవరూ వెళ్ళరు.

అదేమీ ఊరవతల పాడుబడ్డ చోటు కాదు. పిల్లలున్నవాళ్ళు ఏరికోరి వచ్చి కాపురం పెట్టే పేట. ఇంట్లోంచి ఐదు నిమిషాలు నడిస్తే బడి. ఇంకో రెండు నిమిషాలకి క్లినిక్కు, దాని పక్కన ఈతకొలను, రోడ్డు దాటితే లైబ్రరీ, లైబ్రరీ గోడ అవతలే పార్కు. ఇళ్ళు అమ్మేవాళ్ళ కరపత్రంలో ఇవన్నీ రంగురంగుల బొమ్మలేసి మరీ చూపించారు. దెయ్యాన్ని ఒక్కదాన్నే వెయ్యడం మర్చిపోయారు.

ఆ మూలలో నేలలోంచి పసుపుపచ్చ ఇనప గొట్టం ఒకటి నడుమెత్తు లేచి, చివర పువ్వులా విచ్చుకుని ఉంటుంది. అలాంటిదే ఇంకోటి పార్కు ఆ కొసన, లైబ్రరీ గోడ దగ్గర. రెంటినీ కలుపుతూ భూమిలోపల గొట్టం. ఇక్కడ మాట్లాడితే అక్కడ వినపడాలి... అదీ ఆట. పగలంతా పిల్లలు అటు కొందరు, ఇటు కొందరు చేరి గొంతులు చించుకుంటూంటారు.

చీకటి పడ్డాక మాత్రం — అది దానంతటదే మాట్లాడుతుందట.

క్లినిక్కులో నర్సమ్మ డ్యూటీ దిగి వస్తూ విందట. విని, చేతిలో భోజనం డబ్బా అక్కడే పారేసి పరిగెత్తిందట. కుక్కని తిప్పుకునే పెద్దాయన సంగతి సరేసరి. ఆ మూల రాగానే కుక్క నాలుగు కాళ్ళూ తన్నిపెట్టి ఒక్క అడుగు కదల్లేదట. 'ఏమంటుంది?' అని అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పరు.

గుసగుస... అంతే.

ఈ కథంతా చెప్పింది కళ్ళజోళ్ళాయన. ఆయన తనమీద తనే చెప్పుకుని పగలబడి నవ్వే కథ ఇది. చివరికొచ్చేసరికి మాత్రం నవ్వడు.

బజారు మలుపులో ఆయనకి కళ్ళజోళ్ళ దుకాణం. ఊరందరి చూపూ సరిచేస్తాడు, తన ముక్కు కింద జరిగేది మాత్రం కనపడదు. ఈ మాట భార్యది. ఆ పేటని ఎంచింది తనేనని ఆయన కొట్టుకోని డప్పు లేదు. తొమ్మిది పేటలు తిరిగి, బడికిన్ని, పార్కుకిన్ని అని మార్కులేసి మరీ ఎంచాడట. అత్తగారు పోయి మామగారు ఒంటరివారైతే, ఆయన్నీ తెచ్చుకుని ఏడు నెలల కిందట అక్కడ దిగారు.

మామగారు రోజుకి పది మాటలు మాట్లాడితే గొప్ప. "ఊఁ." "చాలమ్మా." "పడుకుంటా." రాత్రి భోజనం కాగానే "లైబ్రరీ దాకా వెళ్ళొస్తా" అనేవారు. ఉన్నవాటిలో అదే పొడుగు మాట.

"చూశావా? లైబ్రరీ దగ్గరుంటే పెద్దవాళ్ళకి ఎంత కాలక్షేపమో!" అని ఈయన భార్య దగ్గర మురిసిపోయేవాడు.

పిల్లలు భయపడి పడుకోవట్లేదని తల్లులు గోల పెట్టారు. గొట్టం నోట్లో సిమెంటు పోసి మూసేద్దామని పేట సంఘం కాగితం తిప్పింది. ఆదివారం సమావేశంలో తేల్చేద్దామన్నారు. మొదటి సంతకం కళ్ళజోళ్ళాయనదే. "నాకు దెయ్యాలమీద నమ్మకం లేదు. ఏదో పిల్లల కోసం..." అంటూ, కింద ఇంకెవరికీ చోటు మిగలనంత పెద్దగా చేశాడు.

అది బుధవారం. గురువారం రాత్రి ఎనిమిదిన్నరకి కూతురు బిక్కమొహంతో వచ్చింది.

"నాన్నా... నా కళ్ళజోడు ఇసకలో ఉండిపోయింది."

ఈ ఏడాది అది మూడో జత. కళ్ళజోళ్ళవాడి కూతురికి కళ్ళజోడు లేదంటే లోకం ఏమనుకుంటుంది?

"పొద్దున్నే తెస్తాలేమ్మా."

"పొద్దున్నకి ఎవరో ఒకరు తొక్కేస్తారు," అంది భార్య. "ఇప్పుడే తెండి. మీకు దెయ్యాలమీద నమ్మకం లేదుగా?"

ఇక తప్పలేదు. వెళ్ళాడు.

ఆ మూల దీపం ఎప్పుడో పోయింది. సెల్‌ఫోను వెలుతురులో మోకాళ్ళమీద కూచుని ఇసక కెలికాడు. కళ్ళజోడు దొరికింది. తుడిచి జేబులో వేసుకుని లేవబోయాడు...

"...ఏమేవ్..."

పై ప్రాణాలు పైనే పోయాయి.

"...విన్నావా... ఇవాళ కూర మళ్ళీ తనే వండాడు..."

వండింది నిజమే.

"...ఉప్పు రెండుసార్లు వేశాడు... ఎవరమూ ఏమీ అనలేదు... మంచినీళ్ళు తాగుతూ మింగేశాం..."

మింగేశాం? అంటే ఈ దెయ్యం రోజూ తన ఇంట్లోనే భోంచేస్తోందా? పరిగెడదామనుకున్నాడు. ఇంకేం చెబుతుందోనని ఆగాడు.

"...మనిషి మంచివాడే... కాస్త డప్పు ఎక్కువ... తలకి రంగేసుకునేటప్పుడు గడియ పెట్టుకుంటాడు... మనకి తెలీదనుకుంటాడు పాపం..."

అంత భయంలోనూ ఆయన చెయ్యి దానంతటదే జుట్టుమీదికి పోయింది. ఆ చీకట్లో, దెయ్యం ముందు, సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

గొట్టం కాసేపు ఊరుకుంది. మళ్ళీ మొదలైంది. ఈసారి ఇంకా మెల్లిగా —

"...నువ్వు పోయాక నాకు మాటలు తగ్గిపోయాయని వీళ్ళ బెంగ... తగ్గలేదే... దాచుకుంటున్నా... పగలంతా వీళ్ళ దగ్గర ఖర్చు పెట్టేస్తే, రాత్రికి నీకేం మిగుల్తాయి?"

తర్వాత చిన్న దగ్గు. ఒకటి... రెండు... గొంతు సవరింపు.

తెల్లారగట్ల పక్కగది గోడ అవతల్నించి ఏడు నెలలుగా వింటున్న దగ్గు.

కళ్ళజోళ్ళాయన చెప్పులు చేత్తో పట్టుకుని, గడ్డిమీద చప్పుడు కాకుండా పార్కు చుట్టూ నడిచాడు. లైబ్రరీ చీకటిగా ఉంది. అది ఏడింటికే మూసేస్తారు. కరపత్రం కంఠతా వచ్చిన మనిషికి ఆ ముక్క ఇన్నాళ్ళూ తట్టలేదు. పేటలో దెయ్యం వెలిసిందీ, తాము దిగిందీ ఒకే నెలన్న లెక్కా తట్టలేదు.

బెంచీమీద మామగారు. పసుపుపచ్చ పువ్వుమీదికి వంగి, ఎవరి చెవిలోనో చెబుతున్నట్టు చెబుతున్నారు. చెప్పి, మొహం తిప్పి, ఈసారి తన చెవి ఆనించారు. విన్నారు. తలాడించారు. "ఆ... ఆ... సరేలే," అని నవ్వారు.

ఆయన నవ్వు చూసి ఏడాది దాటింది.

ఇంటికొచ్చి భార్యకి వంటింట్లో గుసగుసగా చెప్పాడు. ఆవిడ తోముతున్న గిన్నె వదిలేసింది.

"నాన్న మాట్లాడుతున్నారా?"

"గంటసేపు. నాకన్నా ఎక్కువ."

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగింది. "మూసెయ్యనివ్వకండి," అంది చివరికి. "నాన్నకి తెలీనివ్వకండి."

రెండూ ఒకేసారి కావాలంటే దారి ఒకటే ఉంది.

ఆదివారం సమావేశంలో, మొదటి సంతకం చేసిన మనిషే లేచి నిలబడ్డాడు.

"ఆ దెయ్యం... నేనేనండీ."

అందరూ కుర్చీల్లో ఆయనవైపు తిరిగారు.

"పాటలు... సాధన చేస్తున్నా. ఇంట్లో పాడనివ్వరు. దీపం లేని చోటైతే ఎవరూ చూడరని..."

"నిజమే," అంది భార్య, నేల చూస్తూ. "పాడొద్దన్నది నేనే."

హాలంతా గొల్లుమంది. కుక్క పెద్దాయన కళ్ళు తుడుచుకుంటూ, "మా కుక్కకి సంగీతం తెలుసన్నమాట!" అన్నాడు. ఆ రోజు నుంచీ ఈయన పేటలో 'గొట్టం విద్వాంసుడు.' సిమెంటు సంగతి వదిలేశారు. జనాన్ని హడలగొట్టినందుకు శిక్షగా, దుమ్ముకొట్టుకుపోయిన ఆ గొట్టాన్ని ఆయనే దగ్గరుండి శుభ్రం చేయించాలన్నారు. తల వంచుకుని ఒప్పుకున్నాడు.

అందరూ నవ్వారు గానీ, నర్సమ్మ నవ్వలేదు. మెట్ల దగ్గర ఆయన్ని ఆపింది.

"నేను విన్నది మీ గొంతు కాదండీ. ఆడగొంతు."

"సన్నగా... పాడతాలెండి..."

"పాట కూడా కాదు. 'మాత్ర వేసుకున్నారా?' అని అడిగింది. రోజంతా నేను అందర్నీ అడిగే మాటే కదా... అది నన్నే ఎవరో తిరిగి అడిగినట్టై, గుండె ఆగినంత పనైంది."

ఆయన నవ్వబోయాడు. అంతలో మామగారి మాత్రల డబ్బా గుర్తొచ్చింది.

సోమవారం ప్లంబరు వచ్చాడు. ఇసకగుంట వైపు గొట్టంలోకి ఊచ దూర్చాడు. రెండు బారలు పోయి ఆగిపోయింది. లైబ్రరీ వైపు దూర్చాడు. అక్కడా అంతే. మధ్యలో గడ్డి చెక్కి, మోకాల్లోతు తవ్వి చూసి పెదవి విరిచాడు.

"రండి సార్, మీరే చూడండి."

చెట్టు వేరు ఒకటి, మణికట్టంత లావుది, గొట్టాన్ని రెండు ముక్కలు చేసి మధ్యలోంచి పోయింది. రెండు ముక్కల్లోనూ మట్టి గట్టిపడి రాయైపోయింది.

"ఇది ఈనాటిది కాదు సార్. విరిగి పదేళ్ళన్నా అయ్యుంటుంది. ఇందులోంచి చీమ కూడా దూరదు."

"మరి... పిల్లలు రోజూ ఇందులో మాట్లాడుకుంటారే?"

"ఆ అరుపులకి గొట్టమెందుకు సార్? నాలుగు వీధులకి వినపడతాయి."

కళ్ళజోళ్ళాయన గోతి పక్కన గొంతుక్కూచున్నాడు. వేరుమీద చెయ్యి వేశాడు. చల్లగా, గట్టిగా ఉంది. ఇసకగుంట ఇటు. బెంచీ అటు, అరుపు అందేంత దూరంలో. గుసగుస అందేంత దూరంలో కాదు.

"కొత్తది వేసేస్తా సార్," అన్నాడు ప్లంబరు, చేతులు దులుపుకుంటూ. "పూట పని."

"వద్దు. మట్టి కప్పెయ్యి."

"ఇలా వదిలేస్తే పనిచెయ్యదు కదా సార్?"

ఆయన చుట్టూ ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

"చేస్తోంది," అన్నాడు. "ముట్టుకోకు."