ఎల్సీ అభిమానులు

"ఎల్సీ వాళ్ళ నాన్నకి చేపలకొట్టు ఉండేదట, తెలుసా?" అన్నాడు అచ్యుత్, నూడుల్స్ గిన్నె ముందుకు లాక్కుంటూ.

"తెలియకపోవడమేంటి! ఫస్ట్ సాంగ్ ఆ కొట్టు వెనకాలే కదా రాసింది," అంది గీతిక, ఎక్కడా తడుముకోకుండా.

హోటల్ బయట సన్నీబ్యాంక్ పేటంతా వానలో తడిసి ముద్దవుతోంది. ఎల్సీ వింటర్‌బోర్న్ అనే ఆ ఇంగ్లండు గాయని పేరే మొన్నమొన్నటి దాకా గీతిక వినలేదు. సంబంధం తెచ్చిన మంగతాయారు ఆంటీ ఫోన్లో ఊదింది: "అబ్బాయి టూవూంబా ఊళ్ళో యూనివర్సిటీ లెక్చరరమ్మా. ఆ ఎల్సీ అంటే పడిచస్తాడు. నువ్వూ అంతేనని చెప్పేశాను. కాస్త చూసుకో!"

గీతిక చూసుకుంది. ఎల్సీ పాటలు, ఇంటర్వ్యూలు, పోలీసుగా వేసిన సీరియల్, అన్నీ బట్టీ పట్టింది. తీరా అబ్బాయి తెగ నచ్చేశాడు. ఇప్పుడు నిజం చెబితే పోతాడేమోనని బెంగ, చెప్పకపోతే మనసు ఊరుకోదు.

"ఈ మధ్యాహ్నం ఎల్సీ కొత్త మూవీకి టికెట్స్ బుక్ చేశానండీ," అన్నాడతను. "పెళ్ళయ్యాక ఇంగ్లండ్ కూడా వెళ్దాం."

పెళ్ళయ్యాక అన్న మాటకు ఆమె గుండె ఝల్లుమంది. సినిమా అవగానే చెప్పేయాలనుకుంది.

తెర మీద ఎల్సీ సముద్రం వైపు చూసింది. చాలాసేపు చూసింది. ఇంకా చూస్తూనే ఉంది.

"మూవీ ఈజ్ ఓవర్, గైస్!" అంది హాలు తుడిచే అమ్మాయి.

గీతిక ఉలిక్కిపడి కళ్ళు తెరిచింది. హాలు ఖాళీ. తన తల అచ్యుత్ భుజం మీద ఉంది. అతను నోరు తెరిచి సన్నగా గురకపెడుతున్నాడు.

"అచ్యుత్ గారూ! మీ ఎల్సీ సినిమాలో నిద్రపోతారా?"

"నా ఎల్సీ ఏంటండీ? మీ ఎల్సీ కదా!" నిద్రమత్తులో నిజం జారిపోయింది. "మీకు ప్రాణమని మంగతాయారు ఆంటీ చెబితేనే కదా, టూవూంబా నుంచి వచ్చేదారంతా కార్లో ఆవిడ పాటలు భరిస్తున్నా!"

"నాకు ప్రాణమా? ఆవిడ పాట వింటే నాకు తలనొప్పండీ బాబూ!"

ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని, తుడిచే అమ్మాయి తిరిగి చూసేలా నవ్వారు. ముందు నవ్వు ఆపింది అచ్యుతే.

"అంటే మనకి కామన్‌గా ఏమీ లేదన్నమాట. ఇప్పుడు కూడా... ఓకేనా?"

గీతిక ఫోన్ తీసింది. అతని మొహం వాడిపోవడం చూస్తూనే నంబరు నొక్కింది.

"నాన్నా, అచ్యుత్ నాకు నచ్చాడు. వాళ్ళింట్లో మాట్లాడండి."