పన్నెండింటికి కొయ్యాల్సిన కేకు

"అంబాసిడర్ క్లచ్ ప్లేటుందా అండీ?"

"పాత బండికా, కొత్త బండికా?"

"బండి అమ్మేశానండీ."

కోడ్ కలిసింది. ఆటోనగర్‌లో ఆ స్పేర్ పార్ట్స్ కొట్టు కౌంటర్ వెనక కూర్చున్న శౌరయ్య వచ్చినవాణ్ణి ఎగాదిగా చూసి షట్టరు సగం దించాడు. చుట్టుపక్కల కొట్లవాళ్ళకు శౌరయ్య బేరింగులు అమ్ముకునే పెద్దమనిషి. ఢిల్లీలో బోర్డు లేని ఒక ఆఫీసుకు మాత్రం కోస్తా జిల్లాల సీక్రెట్ సర్వీస్ చీఫ్. బేరింగుల్లో బాగానే వెనకేశాడని ఆ ఆఫీసులో కొందరికి కుళ్ళు కూడా ఉంది.

వచ్చినవాడు ఏజెంట్ జాహిద్. ఇరవై ఏళ్ళ సర్వీసులో ఎన్ని ఊళ్ళు తిరిగాడో అన్ని పేర్లు మార్చాడు. అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు కాబట్టి మనమైనా అతన్ని జాహిద్ అనే అందాం.

"టీ తాగుతావా?" అన్నాడు శౌరయ్య.

"రంజాన్ కదా సార్."

"అదే చెప్పబోతున్నా. ఇవాళ్టి నుంచి నీ పేరు ఫిలిప్. ఫిలిప్‌కి రోజా ఉపవాసం ఉండదు. గుర్తుపెట్టుకో. ఇక బ్రీఫింగ్. డిసెంబర్ ముప్పై ఒకటి రాత్రి పన్నెండింటికి కంప్యూటర్లన్నీ పిచ్చెక్కిపోతాయని ప్రపంచమంతా వణుకుతోంది. వై-టు-కె. ఆ భయాన్ని అమ్ముకునే విదేశీ ముఠా ఒకటుంది. రక్షణ ప్రోగ్రాములంటూ దేశదేశాల్లో అంటగట్టారు. తీరా ఆ రాత్రి ఏమీ జరగలేదనుకో?"

"వాళ్ళ సరుకు మళ్ళీ ఎవరూ కొనరు."

"అందుకని ఎక్కడో ఒకచోట ఏదో ఒకటి వాళ్ళే జరిపిస్తారు. కొండపల్లి పక్కన మన థర్మల్ స్టేషన్ ఉంది కదా, దాని కంట్రోల్ రూమ్ పేల్చేద్దామని ప్లాన్. రాష్ట్రం సగం చీకటైతే జనం కంప్యూటర్‌ని తిడతారు. ముఠాని ఎవరూ వెతకరు. లోపలున్న మనుషుల సంగతి వాళ్ళకి అక్కర్లేదు."

"మనిషెవరు?"

"తెలీదు. పటమటలో ఒక స్పోకెన్ ఇంగ్లీష్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. స్టేషన్ ఉద్యోగులు ప్రమోషన్ ఇంటర్వ్యూల కోసం సాయంత్రం అక్కడికొస్తారు. ఆ క్లాసులోనే ముఠా మనిషి ఉన్నట్టు ఎవరో పేరు చెప్పకుండా మనకి కబురు పెట్టారు. కోడ్ నేమ్ కామా. నువ్వు కనిపెట్టాలి."

"నేను అక్కడేం చెయ్యాలి సార్?"

"పాఠం చెప్పాలి. ఫ్రేజులు, క్లాజులు."

సరిహద్దుల్లో తూటాల మధ్య నడిచినవాడు ఆ మాట విని ఒకడుగు వెనక్కి వేశాడు. శౌరయ్య నవ్వుకుంటూ బల్ల మీద ఒక డస్టర్ పెట్టాడు. బోర్డు తుడిచే డస్టరే. లోపల ట్రాన్స్‌మిటర్ ఉంది.

"చాక్‌పీసు పొడి తగలనివ్వకు, పాడైపోతుంది," అన్నాడు చీఫ్.

*

పటమటలో సువార్తమ్మ గారింట్లో వెనక గది అద్దెకు దొరికింది. ఆవిడ మంచి మనిషి, మాటకారి. క్రిస్మస్ నక్షత్రం కట్టేటప్పుడు నిచ్చెన పట్టుకోమని పిలిచేది. "ఏంటి మాస్టారూ, పొద్దున్నే టిఫిన్ వాసన రాదు మీ గదిలోంచి?" అని అడిగేది. గ్యాస్ట్రిక్ అని చెప్పాడు. తెల్లవారుజామున దీపం వెయ్యకుండా, చప్పుడు కాకుండా, చీకట్లో అరటిపండు తిని నీళ్ళు తాగి ఉపవాసం పట్టేవాడు. దేశం కోసం పేరు వదులుకోవచ్చు, మీసం వదులుకోవచ్చు. ఇదొక్కటి మాత్రం వదులుకోవాలనిపించలేదు. అయితే నెలంతా పదిమందితో కలిసి చెయ్యాల్సిన పనిని దొంగలాగా ఒక్కడే చేసుకోవడం అతనికి కష్టంగానే ఉండేది.

క్లాసు అయిదింటికి. మొదటి రోజే బోర్డు మీద రాసి చెప్పాడు.

"ఇన్ ది ఈవెనింగ్. కర్త లేడు, క్రియ లేదు. మూడు మాటలు ఒకచోట చేరాయంతే. ఇది ఫ్రేజ్. వెన్ ది బస్ కమ్స్. కర్త ఉంది, క్రియ ఉంది, కాబట్టి క్లాజ్. కానీ వినేవాడు 'ఊఁ, తర్వాతేంటి' అంటాడు. ఇంకో క్లాజ్ తోడు లేందే నిలబడదు. ఐ గో హోమ్ అన్నారనుకోండి, ఎవరూ ఏమీ అడగరు. అది ఇండిపెండెంట్ క్లాజ్."

"ఎవరూ ఏమీ అడక్కపోతే ఇండిపెండెంటా సార్?" అంది రెండో వరసలోంచి ఒకామె.

క్లాసంతా నవ్వింది. జాహిద్‌కి మాత్రం నవ్వు రాలేదు.

ఆమె పేరు అఫ్సా. బెంజ్ సర్కిల్ దగ్గర బ్యూటీ పార్లర్. నల్లకళ్ళజోడు, సిల్క్ దుపట్టా, కైనెటిక్ హోండా. ఆమె వచ్చిన ఐదు నిమిషాలకు కూడా మెట్ల మీద సెంటు వాసన పోయేది కాదు. ఆమె పక్క వరసలో జక్కయ్య, థర్మల్ స్టేషన్ కంట్రోల్ రూమ్ ఆపరేటర్. కొండపల్లి నుంచి బస్సులో వచ్చి, పాఠమయ్యాక బస్సులోనే పోయేవాడు.

జాహిద్ ఒక పద్ధతి పెట్టాడు. తను సగం వాక్యం చెబుతాడు. ఎవరి పేరు పిలిస్తే వాళ్ళు లేచి నిలబడి మిగతా సగం పూర్తి చెయ్యాలి. పిలవగానే జక్కయ్య చేతిలో ఏముంటే అది పక్కన పెట్టేసి, చేతులు కట్టుకుని, కళ్ళు పైకెత్తేవాడు. పెదాలు కదిలేవి. ముందు తెలుగులో అనుకుని, ఒక్కో మాటనూ ఇంగ్లీషులోకి మోసుకొచ్చేవాడు. ఆలోగా ఆయన చెవి దగ్గర టపాకాయ పేల్చినా వినపడేది కాదు. క్లాసులో అందరిదీ దాదాపు ఇదే వరస. తప్పు చెప్పడానికి కూడా వాళ్ళకు టైం పట్టేది.

అఫ్సా ఒక్కతే వేరు. "వెన్ ది బస్ కమ్స్, ఐ యామ్ గో హోమ్" అని టక్కున అనేసేది. తప్పులు గడగడా వచ్చేవి. పెదాలు ఎప్పుడూ ముందుగా కదిలేవి కావు. ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్ళే అంత హాయిగా తప్పులు చేయగలరు.

రెండో వారానికే జాహిద్‌కి అర్థమైపోయింది, కామా ఎవరో. రిపోర్టు పంపాలి. డస్టర్ ఎలాగూ పొడి పట్టి చచ్చిపోయింది గానీ, ఆటోనగర్ ఎంత దూరం. అయినా ఆధారం దొరకనీ అని వాయిదా వేశాడు. నిజం చెప్పాలంటే, రిపోర్టు పంపిన మర్నాడు రెండో వరసలో ఆ చోటు ఖాళీ అవుతుంది. పాఠం తయారుచేసుకునేటప్పుడు ఆమె ఏమడుగుతుందోనని ముందే ఊహించుకోవడం అతనికి అలవాటైపోయింది. ఏజెంటుకి ఉండకూడని అలవాటే అది.

రోజూ క్లాసు మధ్యలో సూర్యుడు గుంకేవాడు. మసీదు నుంచి అజాన్ వినిపించగానే జాహిద్ బోర్డు వైపు తిరిగి, గొంతు మాత్ర వేసుకుంటున్నట్టు జేబులోంచి ఖర్జూరం తీసి బుగ్గన పెట్టుకుని, స్టీలు గ్లాసులో నీళ్ళు తాగి, మళ్ళీ పాఠంలో పడేవాడు. ఎవరూ గమనించలేదనే అనుకున్నాడు.

*

డిసెంబర్ ముప్పై ఒకటి. బెజవాడలో ఆ రోజు రోడ్డుకిరువైపులా షామియానాలు వేసి కేకులే కేకులు. ఊళ్ళో సగం చేతుల్లో కేకు డబ్బాలే. వై-టు-కె కాపలా కోసం ఆ సాయంత్రం నుంచే స్టేషన్‌లో ఉండాలని జక్కయ్యకు ఆర్డరొచ్చింది. పాపం డ్యూటీలో కొత్త సంవత్సరం అని క్లాసు తరఫున అఫ్సా ఒక పెద్ద కేకు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"కంట్రోల్ రూమ్‌లో సరిగ్గా పన్నెండింటికే కొయ్యాలండీ. ముందు తాడు విప్పకూడదు."

"సరేనమ్మా. మొదటి ముక్క నీకు దాచి రేపు తెస్తా," అన్నాడు జక్కయ్య. డబ్బాను పసిపిల్లని పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని మెట్లు దిగాడు.

కొత్త సంవత్సరం హడావిడని ఆ పూట క్లాసు తొందరగానే అయిపోయింది. అందరూ హ్యాపీ న్యూ ఇయర్లు చెప్పి వెళ్ళిపోయారు. అఫ్సా కదల్లేదు. కిటికీలోంచి కిందికి చూస్తూ నిలబడింది. అజాన్ వినిపించింది. జాహిద్ బోర్డు వైపు తిరిగేలోగా ఆమె వచ్చి బల్ల మీద ఒక ఖర్జూరం పెట్టింది. రెండోది తన నోట్లో వేసుకుంది.

"తీసుకోండి మాస్టారూ. ఈ మూడు వారాలూ మీరు బోర్డు చూస్తూ రోజా విడిచారు, నేను పుస్తకం చాటున విడిచాను. ఇవాళైనా ఎదురెదురుగా విడుద్దాం."

జాహిద్ చెయ్యి బెల్టు దగ్గరున్న రివాల్వర్ మీదికి పోయింది. ఖర్జూరాన్ని చూసి ఆగింది.

"ఎప్పుడు తెలిసింది?"

"మొదటి వారం. మీకు నా సంగతి?"

"రెండో వారం."

"ఎందుకు పట్టుకోలేదు?" అని ఆమె అడిగింది. అతను రివాల్వర్ మీంచి చెయ్యి తీసి ఖర్జూరం అందుకున్నాడు. ఆమె మళ్ళీ అడగలేదు.

"వినండి. ఆ డబ్బాలో ఉన్నది బాంబు. టైమర్ పన్నెండింటికి. ఈలోగా తాడు విప్పినా పేలుతుంది. కంప్యూటర్లు ఆపే యంత్రం అని నాకు చెప్పారు. మధ్యాహ్నం చేతికిచ్చినప్పుడు బరువు చూస్తే తెలిసింది. ఇన్నాళ్ళూ గేటు దగ్గర వాళ్ళ మనిషి నన్ను కనిపెట్టుకుని ఉండేవాడు. ఇప్పుడు యమహా మీద కేకు వెనక వెళ్ళాడు. నా వెనక ఎవరూ లేకపోవడం ఇదే మొదటిసారి." ఆమె కిటికీ వైపు ఒకసారి చూసింది. "మొదటి ముక్క నాకు దాస్తానన్నాడండీ ఆయన."

ఆమె కైనెటిక్ తాళాలు బల్ల మీద పెట్టింది. "వాళ్ళ బాస్ రైల్వే స్టేషన్ పక్క హోటల్లో ఉన్నాడు. పని సక్రమంగా జరుగుతోందని చెప్పి నేను కూర్చోబెడతాను. మీవాళ్ళని అక్కడికి పంపండి. నా పేరు అఫ్సా కాదు."

"నా పేరు ఫిలిప్ కాదు."

అసలు పేర్లు చెప్పుకోవడానికి ఇద్దరికీ ఒక్క నిమిషం చాలు. ఆ నిమిషం లేదు. జాహిద్ ఖర్జూరం నోట్లో వేసుకుని, తాళాలతో పాటు అలవాటుగా డస్టర్ కూడా తీసుకుని మెట్లు దిగాడు. కింద ఎస్టీడీ బూత్ నుంచి ఆటోనగర్‌కి ఒక్క మాట చెప్పి బండి ఎక్కాడు.

కేకుల షామియానాల మధ్య ఆడవాళ్ళ స్కూటర్ మీద దూసుకుపోతున్న ఇంగ్లీషు మాస్టారిని బందరు రోడ్డంతా తిట్టిపోసింది. భవానీపురం దాటాడు. గొల్లపూడిలో కొండపల్లి బస్సు స్టాపులో ఆగి ఉంది. వెనకాలే యమహా. హెల్మెట్ లేని మనిషి తల తిప్పి చూసి చొక్కా లోపలికి చెయ్యి పెట్టాడు. జాహిద్ డస్టర్‌తో వాడి ముఖం మీద ఒక్కటిచ్చాడు. మూడు వారాల చాక్‌పీసు పొడి కళ్ళల్లో పడి వాడు బండితో సహా రోడ్డు పక్కకు ఒరిగాడు. చీఫ్ ఇచ్చిన గాడ్జెట్ పనిచెయ్యడం అదే మొదలు, అదే చివర.

బస్సు లోపల జక్కయ్య చుట్టూ డ్యూటీకి వెళ్ళే నలుగురు మూగి ఉన్నారు.

"ఆకలేస్తోందయ్యా జక్కయ్యా. పన్నెండు దాకా ఎవడాగుతాడు? కొయ్యి."

"సరే, చిన్న ముక్కే," అంటూ జక్కయ్య బ్లేడు తీసి పక్క సీటు మీదున్న డబ్బా తాడు మీద పెట్టాడు.

బాంబు అని అరిస్తే ఆ తోపులాటలో డబ్బా కింద పడుతుంది. పరిగెత్తి అందుకునేలోగా తాడు తెగుతుంది. జాహిద్ బస్సు మెట్టు మీదే నిలబడి, క్లాసులో పిలిచే గొంతుతో పిలిచాడు.

"జక్కయ్య గారూ! ఇఫ్ వుయ్ కట్ ది కేక్ నౌ...?"

జక్కయ్య బ్లేడు సీటు మీద పెట్టేశాడు. లేచి నిలబడ్డాడు. చేతులు కట్టుకున్నాడు. కళ్ళు పైకి వెళ్ళాయి. పెదాలు కదలడం మొదలైంది.

జాహిద్ నడవాలోకి వచ్చి, సీటు మీదున్న డబ్బాను రెండు చేతులా జాగ్రత్తగా ఎత్తుకుని, "డబ్బాలు మారిపోయాయండీ, ఇది వేరేవాళ్ళది" అని ఆ నలుగురికీ చెప్పి దిగిపోయాడు. కండక్టర్ విజిల్ వేశాడు. బస్సు కదిలింది.

కొంచెం దూరం పోయాక కిటికీలోంచి జక్కయ్య తల బయటికి వచ్చింది.

"వాట్ విల్ వుయ్ కట్ ఎట్ ట్వెల్వ్ ఓ క్లాక్, సార్?"

మూడు వారాల్లో ఒక్క తప్పూ లేకుండా ఆయన చెప్పిన మొదటి వాక్యం అది. "వెరీ గుడ్" అన్నాడు జాహిద్. అప్పటికే బస్సు మలుపు తిరిగింది. చేతుల్లో బాంబు పెట్టుకుని, చీకటి పడుతున్న రోడ్డు మీద ఒక్కడే నిలబడి, ఆ మాట మరోసారి గట్టిగా అన్నాడు.

*

శౌరయ్య మనుషులు వచ్చి డబ్బాను కృష్ణ ఇసుకలో లోతుగా పాతిపెట్టారు. పన్నెండింటికి అది పేలినప్పుడు ఊరంతా పేలుతున్న టపాకాయల్లో ఆ చప్పుడు కలిసిపోయింది. హోటల్లో బాస్ దొరికాడు. ఎదురుగా రెండు టీ కప్పులున్నాయి. రెండో కప్పు తాగిన మనిషి లేదు.

"కామా గురించి మనకి కబురు పెట్టిందెవరో ఇవాళ తెలిసింది," అన్నాడు శౌరయ్య. "ఆవిడే."

"తన మీద తనేనా?"

"వచ్చి ఆపేవాడు ఎవడో ఒకడు వస్తాడనుకుంది కాబోలు. ఎక్కడికెళ్ళిందో నన్నడక్కు. కొత్త సంవత్సరం పూట నీకో పేరు చూశాను. మద్రాసు వెళ్ళాలి."

పొద్దున్నే పెట్టె సర్దుకుని తాళం ఇవ్వడానికి వెళితే, సువార్తమ్మ పళ్ళెంలో కేకు ముక్క పట్టుకుని ఎదురొచ్చింది. తర్వాత తింటానని కాగితంలో చుట్టించుకున్నాడు.

"రెండువేల సంవత్సరం రాగానే లోకం తల్లకిందులైపోతుందని ఊరికే భయపెట్టి చంపారు కదా మాస్టారూ," అంది ఆవిడ. "చూశారా? ఏమీ కాలేదు."

"అవునండీ, ఏమీ కాలేదు," అన్నాడు జాహిద్.

ఇరవై ఏళ్ళ సర్వీసులో అతనికి దక్కిన మొట్టమొదటి మెచ్చుకోలు అది. కేకు ముక్క జేబులో పెట్టుకుని, సాయంత్రం అజాన్ వేళకు ఏ స్టేషన్ వస్తుందో లెక్క వేసుకుంటూ, రైల్వే స్టేషన్‌కి ఆటో పిలిచాడు.